మాట వెనుక కథ: బిగువు

బోనాల రోజుల్లో హైదరాబాద్‌లోని ఛత్రినాక, లాల్‌దర్వాజా గల్లీల్లో డప్పును మంట దగ్గర కాచి చరిచి చూస్తారు. తోలు బిగిస్తేనే మోత పలుకుతుంది. బిగువు, బిగించు, బిగుసుకొను అన్నీ 'బిగి' అనే మాట పిల్లలే. వైద్యులు వాడే 'టోన్' కూడా ఇలాంటిదే. గ్రీకు 'టోనోస్'కు లాగి బిగించడమని అర్థం; సంగీతంలోని టోన్‌కూ అదే మూలం. 'హైపో' అంటే తక్కువ. అలా కండరాల బిగువు తగ్గడం హైపోటోనియా అయింది.

బిగువు వేరు, బలం వేరు. విశ్రాంతిలోనూ కండరంలో ఉండే సన్నద్ధత బిగువు. పనిలో చూపే శక్తి బలం. బిగువు తగ్గిన బిడ్డను చంకల కింద పట్టి ఎత్తితే చేతుల్లోంచి జారిపోతున్నట్టుంటుంది. డౌన్ సిండ్రోమ్, థైరాయిడ్ లోపం వంటి కారణాలెన్నో ఉండొచ్చు. ఆ బిడ్డను సోమరి అనడం అన్యాయం.

ఇలాంటి బిడ్డలకు తోడ్పడే ఆక్యుపేషనల్ థెరపీని 'వృత్తి చికిత్స' అంటే ఉద్యోగం గుర్తొస్తుంది. ఇక్కడ వృత్తి అంటే బిడ్డ రోజూ చేసుకునే పని: నిటారుగా కూర్చోవడం, అన్నం తినడం, గుండీ పెట్టుకోవడం, ఆడుకోవడం. పిండి పిసికిస్తూ, బొమ్మను ఎత్తులో పెట్టి అందుకోమంటూ, పీట మీద పాదాలు ఆనేలా కూర్చోబెడుతూ థెరపిస్టులు ఆ పనులు నేర్పుతారు. సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన మేధో వైకల్యాల జాతీయ సంస్థలో ఈ సేవ ఉంది.

4 నెలలకు మెడ నిలపకపోయినా, 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా ఆలస్యం చేయకండి. పిల్లల డాక్టరుకు చూపించండి.