నల్లా దగ్గర ఒత్తిడి లెక్క

తెల్లవారుజాము. ముంబయి కామాఠీపుర గల్లీలో నిలబడ్డారు మీరు. చాలీ మెట్ల కింద నీలం డ్రమ్ములు, స్టీలు బిందెలు వరుసగా ఉన్నాయి. గల్లీ మొగదల చావీవాలా ఇనుప మూత ఎత్తి, పొడుగాటి చావీ తిప్పుతున్నాడు. నల్లా ముందు గాలి కక్కింది, గుర్రుమంది. ఆ తర్వాత ధార.

“వదినె, జర పైపు ఇటియ్యి. నా డ్రమ్ము సగమే నిండింది.”

“ఆగు పిల్లా, అవ్వ బిందె నిండనియ్యి. ఆమె మల్ల మెట్లెక్కాలె.”

నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చి ఈ నగరాన్ని కట్టిన కామాఠీల పేరే ఈ పేటకు. వాళ్ల మాట ఇంకా ఈ నల్లా చుట్టూ వినిపిస్తోంది.

ధారకు బొటనవేలు అడ్డం పెట్టండి. సులువుగా ఆగిపోతుంది. దక్షిణ ముంబయికి నీళ్లు పంచే రెండు పెద్ద రిజర్వాయర్లూ ఎత్తునే ఉన్నాయి: ఒకటి మలబార్ హిల్‌లో హ్యాంగింగ్ గార్డెన్స్ కింద, రెండోది మజ్‌గావ్‌లో భండార్‌వాడ గుట్ట మీద. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి. దారిపొడవునా గల్లీలు పంచుకోగా మిగిలినదే మీ వేలికి తగిలింది.

ఇప్పుడు తలెత్తండి. ఈ గల్లీల సామూహిక పునర్నిర్మాణం మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. ఈ చాలీ ఉన్నచోట ఇరవై అంతస్తుల టవరు, దాని నెత్తిన ట్యాంకు ఊహించుకోండి. 60 మీటర్ల నీళ్లు కింది నల్లా మీద నిలబడతాయి. అంటే 6 బార్లు. అవ్వకు కింది ఇల్లు వస్తే ఆ ధార చెయ్యి చురుక్కుమనిపిస్తుంది, కీళ్ల దగ్గర పైపులు కారతాయి. అక్కడ పెట్టేదే పీఆర్‌వీ, ఒత్తిడి తగ్గించే వాల్వు.

దాన్ని బిగించేముందు కంప్యూటర్లో నమూనా కట్టి చూస్తారు. ఆ నమూనాలోకే వెళ్దాం. స్ప్రింగు డిస్కును తెరిచి పట్టుకుంది. బయటి వైపు ఒత్తిడి 2 బార్లు దాటగానే డయాఫ్రం దాన్ని మూయడం మొదలుపెడుతుంది. 2.25 దగ్గర దారి సగం, 2.5 దగ్గర పూర్తిగా బంద్. ఆ సందులో 4 బార్లు ఒక్కసారిగా పడిపోతుంటే నీళ్లు సెకనుకు దాదాపు 28 మీటర్ల వేగంతో దూసుకుపోతాయి, గంటకు వంద కిలోమీటర్ల పైమాటే. పోయిన ఒత్తిడి నీళ్లలోనే వేడిగా మిగులుతుంది. అయితే అది డిగ్రీలో పదోవంతు మాత్రమే. చన్నీళ్ల లైనులో దాన్ని వదిలేయొచ్చు. సోలార్ వేడినీళ్ల లైనులో మాత్రం ఉష్ణోగ్రతను వదలకూడదు. 60 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 0.2 బార్, 20 డిగ్రీల దగ్గరికంటే ఎనిమిది రెట్లు. ఇరుకు సందులో బుడగలు తొందరగా పుట్టి, పగిలి, డిస్కు ఆనుకునే సీటును కొరికేస్తాయి.

సగటు వాడకం తీసుకుని వాల్వు సైజు తేల్చడం నాకు ససేమిరా నచ్చదు. ఈ గల్లీ సగటున నీళ్లు పట్టదు. పొద్దున అందరూ ఒక్కసారే పడతారు. అర్ధరాత్రి ఒక్క నల్లా తిరుగుతుంది. అప్పుడు పొద్దుటి రద్దీకి సరిపడే పెద్ద వాల్వు వెంట్రుకవాసి తెరుచుకుని టకటకలాడుతూ తన సీటును తానే అరగదీసుకుంటుంది. నమూనాలో ఆ రెండు వేళలనూ విడివిడిగా నడిపి చూడాలి. పెద్దదాని పక్కనే ఇంకో చిన్న వాల్వు పెట్టి, దాన్ని 2.7 బార్ల దగ్గర మూసుకునేలా బిగించాలి. రాత్రి అదొక్కటే పనిచేస్తుంది. పొద్దున నల్లాలన్నీ తిరిగి ఒత్తిడి 2.5 కిందికి జారితేనే పెద్దది తెరుచుకుంటుంది.