మెరుపు కాపాడే పని: వార్నిష్ నుంచి సిరామిక్ కోటింగ్ దాకా

బండి రంగును కాపాడే పని కారు కన్నా పాతది. ఐరోపా, అమెరికాల్లో గుర్రబ్బగ్గీల మీద ముందు రంగు, ఆ పైన వార్నిష్ వేసేవారు. అవిసె నూనెలో కోపాల్ అనే చెట్టు బంకను కరిగించి కాచిన ఆ వార్నిష్ పూత పూతకీ ఆరడానికి రోజులు తీసుకునేది. ఒక పూత ఆరాక ప్యూమిస్ రాతిపొడిని నీళ్లతో తడిపి, ఫెల్ట్ ముక్కతో మెల్లగా రుద్ది నునుపు చేశాకే తర్వాతి పూత. గాలిలో దుమ్ము లేవకుండా నేల తడిపి, తలుపులు బిగించుకుని పనిచేసేవారు. బగ్గీ షెడ్డు దాటే సరికి వారాలు గడిచిపోయేవి.

అంత కష్టపడినా ఆ పూత ఎండకు పసుపెక్కేది, పగిలేది. అందుకే బగ్గీ యజమానులకు జాగ్రత్తలు చెప్పే పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. బురద ఆరిపోకముందే కడగాలి. చన్నీళ్లు ధారాళంగా వాడాలి. మట్టిని గుడ్డతో తుడవకూడదు, నీటితో నానబెట్టి వదిలించాలి. చివర మెత్తటి షామీ తోలుతో తడి ఒత్తాలి. వాటిలో మరో సలహా ఇంకా ఆసక్తికరం: బగ్గీని గుర్రపుశాలలో పెట్టకండి, పేడ నుంచి, మూత్రం నుంచి లేచే అమ్మోనియా వార్నిష్‌ను తినేస్తుంది. ఇవాళ సిరామిక్ కోటింగ్ వేయించుకున్నవాడికి షాపువాళ్లు చెప్పే జాగ్రత్తలన్నీ ఇంచుమించు ఇవే. గుర్రపు పేడ బదులు పావురాల రెట్ట వచ్చిందంతే.

మోటారు కార్లు వచ్చిన తొలినాళ్లలో రంగు పద్ధతి బగ్గీలదే. కార్ల తయారీ వేగం పెరిగే కొద్దీ ఈ ఆరబెట్టడమే పెద్ద అడ్డంకి అయింది. ఫోర్డ్ మోడల్ టీ 1914 నుంచి 1925 దాకా నలుపులోనే వచ్చింది. భట్టీలో కాల్చి ఆరబెట్టగల తారు జాతి నల్ల ఎనామిల్ చవక, గట్టిది కూడా. అసలు మలుపు 1923లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి మందు తయారుచేసిన డూపాంట్ కంపెనీ దగ్గర నైట్రోసెల్యులోజ్ పరిజ్ఞానం దండిగా ఉంది. పత్తిని నైట్రిక్ ఆమ్లంతో కలిపితే వచ్చే ఆ పదార్థాన్నే పల్చటి ద్రావణంలో కరిగించి, స్ప్రే గన్‌తో చల్లగలిగే లాకర్‌గా మార్చి, డూకో పేరుతో అమ్మింది. జనరల్ మోటార్స్ తన 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద దీన్ని నీలం రంగులో వాడింది. వారాల పని గంటల్లోకి దిగింది, షోరూముల్లోకి రంగురంగుల కార్లు వచ్చాయి. డూకో ఇండియాకూ చేరింది. హైదరాబాద్, విజయవాడల్లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్లవాళ్లు, అల్మారాలకు రంగువేసే మేస్త్రీలు ఇప్పటికీ స్ప్రే రంగును డూకో అనే పిలుస్తారు.

డూకోకు ఓ లోపం ఉంది. చల్లిన వెంటనే మెరవదు, రుద్ది మెరిపించాలి. కొన్ని నెలలు ఎండలో ఉంటే పైపొర సుద్దలా పాలిపోతుంది, వేలు పెడితే రంగు వేలికి అంటుకుంటుంది. ఫ్యాక్టరీలో ఆదా అయిన శ్రమ ఆ విధంగా కారు యజమాని వాకిట్లోకి వచ్చి పడింది. పాలిష్, మైనం అనే రెండు పనులు ఇంటింటి అలవాటు కావడానికి మూలం ఇదే. పాలిష్‌లోని సన్నని రాపిడి పొడి చచ్చిన పైపొరను గీకి కొత్త రంగును బయటపెడుతుంది. మైనం ఆ కొత్త పొరను గాలికీ ఎండకూ కొన్నాళ్లు దూరంగా ఉంచుతుంది. ప్రతిసారీ రంగు కొద్దిగా అరిగిపోతుందన్న సంగతి డబ్బా మీద రాయరు. 1910లో అమెరికాలో మొదలైన సైమనైజ్ ఈ వ్యాపారంలో తొలి పెద్ద పేరు. 1940లలో చికాగోలో బెన్ హిర్ష్ అనే ఆయన ప్లాస్టోన్ అనే ద్రవ పాలిష్ కాచి, సీసాలు పట్టుకుని ఊరంతా తిరిగేవాడు. బేస్‌బాల్ మైదానం బయట ఆగిన కార్లకు ఒక్క మడ్‌గార్డు మాత్రమే మెరిపించి, యజమాని వచ్చేదాకా నిలబడేవాడని ఆ కంపెనీ చరిత్రలో చెప్పుకుంటారు. ఒకవైపు మెరిసే కారును అలాగే ఇంటికి తోలుకుపోవడం ఎవరికీ మనసొప్పదు కదా. ఆ సరుకే తర్వాత టర్టిల్ వాక్స్ అయింది.

ఈ డబ్బాల్లోని మేలురకం మైనం ఈశాన్య బ్రెజిల్‌లోని కార్నౌబా తాళవృక్షం ఆకుల నుంచి వస్తుంది. ఎండిన ఆకులను దులిపితే రాలే పొడిని కరిగించి వడకడతారు. 82-86 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు, సహజ మైనాలన్నిటిలో ఇదే గట్టిది. అయితే గట్టి మైనం కారు మీద పరచుకోదు కాబట్టి దానిలో నూనెలు, ద్రావకాలు కలుపుతారు. చెయ్యి పెట్టలేనంత కాలే బానెట్ మీదా, షాంపూతో నాలుగుసార్లు కడిగాకా ఆ మిశ్రమం నిలవదు. 1950లలో సిలికోన్ నూనెలు కలపడంతో మైనం రుద్దడం తేలికైంది. పెయింటింగ్ షెడ్లకు మాత్రం అది తలనొప్పి. సిలికోన్ జాడ కొద్దిగా మిగిలినా కొత్త రంగు ఆ చోట నిలవక, చిన్న చిన్న గుంతలుగా విడిపోతుంది. మేస్త్రీలు దాన్నే ఫిష్ ఐ అంటారు.

1980లలో రంగు రెండు పొరలైంది. కింద రంగు, పైన రంగులేని క్లియర్ కోట్. అల్యూమినియం రేకులు కలిపిన మెటాలిక్ రంగులకు ఈ పద్ధతి తప్పనిసరి. ఆ రేకులు గాలికి, వానకు తేలితే మసకబారిపోతాయి. అతినీలలోహిత కిరణాలను పీల్చే రసాయనాలు క్లియర్ కోట్‌లో కలిపారు. గుడ్డకు రంగు అంటడం ఆగిపోయింది. మైనం ఇక అక్కర్లేదని చాలామంది అనుకున్నారు. అంతలోనే ఆమ్ల వర్షం కథ మొదలైంది. అమెరికాలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో కొత్త కార్ల పైపొర మీద నీటి చుక్కలు ఆరిన చోటల్లా గుండ్రటి మచ్చలు తినేసినట్టు పడేవి. ఎండ, తేమ, గాలిలోని ఆమ్లం మూడూ కలిసిన ఆ ఊరే తర్వాత రంగుల కంపెనీలకు పరీక్షా స్థలమైంది. ఇక్కడ ఒక కొలత గుర్తుంచుకోవాలి. క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా సన్నం. దీని తర్వాత వచ్చిన కాపుదల పద్ధతులన్నీ ఆ కాస్త పొరను ఖర్చుకాకుండా ఆపే ప్రయత్నాలే.

వాటిలో ఒకటి సిరామిక్ కోటింగ్, అంటే క్లియర్ కోట్ మీద పూస్తే గాజులా గట్టిపడే పల్చటి పొర. దాని వెనుక రసాయనం మాత్రం ఇంకా ముసలిది. 1840లలో ఫ్రాన్స్‌లో జాక్ జోసెఫ్ ఎబెల్మెన్ సిలికాన్ క్లోరైడ్‌ను ఆల్కహాల్‌తో కలిపి ఓ ద్రవం చేశాడు. తేమగాలి తగిలేచోట వదిలేస్తే అది నెమ్మదిగా గాజులా గట్టిపడింది. ఆయన తర్వాత సేవ్ర్‌లోని పింగాణీ కర్మాగారాన్ని నడిపాడు కూడా. దాదాపు వందేళ్లు ఈ పరిశీలన ప్రయోగశాల విడ్డూరంగానే ఉండిపోయింది. 1939లో జర్మనీలోని యేనా నగరంలో షాట్ గాజు కంపెనీకి చెందిన గెఫ్కెన్, బెర్గర్‌లు ఇదే దారిలో గాజు మీద పల్చటి ఆక్సైడ్ పొరలు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. భట్టీలో కరిగించకుండా, ద్రవం నుంచి గాజును పుట్టించే ఈ ఉపాయాన్నే సోల్-జెల్ అంటారు.

కోటింగ్‌కు రసాయనం గాజు నుంచి వస్తే, ప్రచారం వృక్షశాస్త్రం నుంచి వచ్చింది. 1997లో బాన్ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రవేత్తలు విల్‌హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్‌లు తామరాకు తడవకపోవడానికీ, మురికి పట్టకపోవడానికీ కారణం వివరించారు. కోటింగ్ అమ్మేవాళ్లు ఆ తామరాకునే బోర్డు మీద వేసుకున్నారు. నిజానికి రెండూ వేరు. తామరాకు మీద కంటికి కనిపించని గరుకుతనం ఉంది, నీటిచుక్క దాని కొసల మీద దాదాపు పూర్తి బంతిలా నిలుస్తుంది. కోటింగ్ నున్నటి పొర, దాని మీద చుక్క అంత ఎత్తుగా లేవదు, అంత సులువుగా జారదు. 2003లో మెర్సిడెస్ బెంజ్ సూక్ష్మ సిరామిక్ కణాలు కలిపిన క్లియర్ కోట్‌ను ఫ్యాక్టరీలోనే వాడటం మొదలుపెట్టింది. బయటి షాపుల్లో చేతితో పూసే కోటింగ్ అలవాటును ముందుగా పెంచింది జపాన్. అక్కడ దాని పేరు గ్లాస్ కోటింగ్.

పూసే తీరు చూస్తే ఇదంతా ఓపిక మీద ఆధారపడ్డ చేతిపని అని తెలుస్తుంది. కారు కడిగి, అంటుకున్న ఇనుప రజను, తారు తీసేసి, పాలిష్‌తో గీతలు పోగొట్టి, ఆల్కహాల్‌తో జిడ్డు తుడుస్తారు. స్పాంజి దిమ్మకు మెత్తటి స్వేడ్ గుడ్డ చుట్టి, నాలుగైదు చుక్కలు వేసి, ఒక జానెడు చోట నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రుద్దుతారు. కాసేపటికి ఆ చోట నీటి మీద తేలే పెట్రోలులా రంగులు విరుస్తాయి. సరిగ్గా అప్పుడే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి సమం చేయాలి. ఆలస్యమైతే మిగిలిన మడ్డి గట్టిపడి నల్లటి మరకలా నిలిచిపోతుంది, మళ్లీ పాలిష్ మిషన్ పట్టాల్సిందే. అలా మిగిలే పొర మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. సిలేన్, సిలాజేన్ జాతి అణువులు గాలిలోని తేమతో కలిసి అల్లుకుని, క్లియర్ కోట్‌ను పట్టుకుంటాయి. మొదటి రోజంతా తడి తగలకూడదు, దాదాపు వారం దాకా షాంపూ పెట్టకూడదు.

ప్రకటనల్లో కనిపించే 9హెచ్ అన్న ముద్ర చాలామందిని తప్పుదోవ పట్టించింది. అది పెన్సిల్ పరీక్ష కొలత. ఒక స్థాయి గట్టిదనమున్న పెన్సిల్ ములుకుతో గీస్తే పూత చిరగలేదని మాత్రమే దాని అర్థం. రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ ఇసుక ఉంటుంది, అది ఇలాంటి పూతలను గీస్తుంది. హైదరాబాద్ అపార్టుమెంటు సెల్లార్లలో తెల్లవారకముందే ఒకే బకెట్ నీళ్లు, ఒకే గుడ్డతో వరసగా ఎన్నో కార్లు తుడిచే పద్ధతి ముందు ఏ కోటింగూ నిలవదు. మొదటి కారు ఇసుక చివరి కారు మీద గుండ్రటి గీతలై తేలుతుంది. అందుకే రెండు బకెట్ల పద్ధతి: ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో గుడ్డ జాడించే మంచినీళ్లు. షాంపూ ఆమ్లమూ క్షారమూ కాని తటస్థ రకమై ఉండాలి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల సోడా పనికిరావు. గుడ్డ ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి మెత్తదనపు ద్రవాలు వేస్తే వాటి జిడ్డు పోగుల మధ్య చేరి, తడి పీల్చే గుణమే పోతుంది.

తెలుగు నేలలో కోటింగ్‌కు అసలు శత్రువు బోరు నీరు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న కఠిన జలం ఎండలో ఆరిన చోట తెల్లటి వలయం మిగులుతుంది. మామూలు రంగు మీద నీరు పల్చటి పొరలా పరచుకుంటే, కోటింగ్ మీద అది చుక్కలుగా ముడుచుకుంటుంది. చుక్కలోని లవణమంతా ఆరేకొద్దీ ఒక్కచోటే పేరుకుంటుంది. నీరు నిలవనివ్వదని కొనుక్కున్న గుణమే మచ్చలకు దారితీస్తుందన్నమాట. కడిగిన వెంటనే తుడవడం, నీడలో కడగడం, మచ్చ పడితే పల్చటి వెనిగర్ నీటితో వెంటనే తీసి మళ్లీ మంచినీటితో కడగడం తప్ప దీనికి దగ్గర దారి లేదు. రెట్ట కూడా అంతే. ఎండలో వేడికి మెత్తబడిన పైపొర సాయంత్రం చల్లబడి ముడుచుకునేటప్పుడు ఎండిన రెట్టను అతుక్కుంటుంది, ఆ రూపం పొర మీద ముద్రపడిపోతుంది.

కొన్ని నెలల తర్వాత నీరు చుక్కలుగా నిలవడం మానేస్తే కోటింగ్ పోయిందని యజమానులు కంగారుపడతారు. చాలాసార్లు అది పోదు, మురికి పొర కింద మూసుకుపోతుంది. బ్రేకుల నుంచి ఎగిరే ఇనుప రజనును తీసే ద్రవం చల్లితే ఆ రజను ఉన్న చోటల్లా ఊదారంగు ధారలు కారతాయి; కడిగేస్తే కింద ఉన్న పొర మళ్లీ పనిచేస్తుంది. కొన్ని నెలలకోసారి కొట్టే సిలికా స్ప్రే కూడా అసలు కోటింగ్‌ను కొత్తది చేయదు, దాని మీద అరిగిపోవడానికి మరో పల్చటి పొర ఇస్తుంది. షాపులిచ్చే మూడేళ్ల, అయిదేళ్ల గ్యారంటీలు చాలావాటిలో ఏటా సర్వీసుకు రావాలన్న షరతు ఉంటుంది. ఆ షరతును చదివితే అమ్ముడైంది సీసా కన్నా సేవ ఎక్కువని అర్థమవుతుంది.

నిజంగా అరిగిపోయిన కోటింగ్‌ను మైనంలా ద్రావకంతో కరిగించలేరు. పాలిష్ మిషన్‌తో గీకి తీయాల్సిందే. ఆ గీకుడులో కింది క్లియర్ కోట్ కూడా కొద్దిగా పోతుంది. ఫ్యాక్టరీలో వేసిన ఆ పొర మళ్లీ పెరగదు. పాత కారుకు రెండోసారి, మూడోసారి కోటింగ్ వేసే ముందు మంచి డిటైలింగ్ షాపుల్లో చిన్న కొలత పరికరం పెట్టి బానెట్, డోర్లు, డిక్కీ మీద రంగు మందం మైక్రాన్లలో చూస్తారు. అంకె మరీ తక్కువగా ఉన్న చోట మిషన్ పెట్టరు, గీతలను అలాగే వదిలేసి పైన పూస్తారు.