విజయవాడ రేడియో: నిన్న, నేడు, రేపు

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపు లెక్కలు, అప్పు లెక్కలు, బ్యాంకు లింకేజీ వివరాలు చదువుకుంటున్నాం. ఈసారి లెక్కల పక్కన కొంచెం చరిత్ర కూడా ఉంటే బాగుంటుందని రాస్తున్నాను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళందరికీ తెలిసిన, మన పిల్లలకు దాదాపు తెలియని విజయవాడ రేడియో కేంద్రం గురించి ఇది.

ఎలా మొదలైంది

కోస్తా జిల్లాల వాళ్ళు మొదట్లో తెలుగు మాట మద్రాసు రేడియోలో వినేవాళ్ళు. ఆ కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1935 నుంచి దక్కన్ రేడియో నడిపింది కానీ అందులో ఉర్దూదే పెద్ద పీట. మనకంటూ ఒక కేంద్రం విజయవాడలో 1948 డిసెంబరు 1న వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953లో. అంటే రాష్ట్రం కంటే ముందే మనకు రేడియో వచ్చిందన్నమాట.

అప్పట్లో రేడియో కొనడం అంటే మాటలు కాదు. పెద్ద పెట్టె, దానికి కరెంటు కావాలి. పైగా ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బులు కట్టాలి. 1980లలో గానీ ఆ లైసెన్సు తీసెయ్యలేదు. అందుకని చాలా ఊళ్ళలో పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో పెట్టి మైకు తగిలించేవాళ్ళు. అరుగు మీద కూర్చుని వినేది మగవాళ్ళే. ఆడవాళ్ళు ఇంటి పని చేసుకుంటూ మైకులో వినిపించినంత వినేవాళ్ళు. తర్వాత బ్యాటరీలతో నడిచే ట్రాన్సిస్టర్లు వచ్చాకే రేడియో వంటింట్లోకీ, పొలం గట్టు మీదకీ వచ్చింది.

ఆడవాళ్ళకు ఏమిచ్చింది

పొద్దున్నే భక్తిరంజని. ఆ కార్యక్రమానికి రూపం ఇచ్చినవారిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు ఒకరు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, ఓలేటి వెంకటేశ్వర్లు గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు ఇక్కడ పనిచేసినవాళ్ళే. కచేరీ టిక్కెట్టు కొనలేని ఇంట్లో కూడా కళ్ళాపి చల్లే వేళకు ఆ గొంతులు వినిపించేవి. 6.45కి ప్రాంతీయ వార్తలు. చాలా ఇళ్ళలో గడియారం అక్కర్లేదు, వార్తలు మొదలయ్యాయంటే పిల్లల్ని లేపాలి, పొయ్యి వెలిగించాలి అని లెక్క.

ఉషశ్రీ గారు రామాయణం, భారతం చెబుతుంటే చదువు రానివాళ్ళు కూడా ఆ కథల్లో ధర్మం ఏమిటి, అధర్మం ఏమిటి అని వాదించుకునేవాళ్ళు. పుస్తకం పట్టుకుంటే తప్ప తెలియవనుకున్న సంగతులు చెవిన పడి ఇంటికి వచ్చాయి. రైతుల కార్యక్రమంలో ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో చెప్పేవాళ్ళు. స్త్రీల కార్యక్రమంలో పిల్లల టీకాలు, బాలింత తిండి, కుట్టుపని గురించి చెప్పేవాళ్ళు. నాటకం రోజున మంచాలన్నీ రేడియో చుట్టూ చేరేవి.

అన్నిటికంటే పెద్ద సంగతి ఒకటుంది. రేడియో వినడానికి పని మానక్కర్లేదు. టీవీ ముందు కూర్చోవాలి, ఫోను చేతిలో పట్టుకోవాలి. రేడియోకి చెవి ఒక్కటి ఇస్తే చాలు, చేతులు ఖాళీగానే ఉంటాయి. పత్తి తీసే ఆమె, బీడీలు చుట్టే ఆమె, రుబ్బురోలు తిప్పే ఆమె అందరూ వినగలిగింది అందుకే. కార్డు మీద ఉత్తరం రాస్తే పేరు, ఊరు చదివేవాళ్ళు. రేషను కార్డులో తప్ప ఎక్కడా పేరు లేని ఆడమనిషికి జిల్లా అంతా తన పేరు వినపడటం చిన్న విషయం కాదు.

ఎందుకు తగ్గింది

ఒక్క రోజులో తగ్గలేదు. మొదట దూరదర్శన్, తర్వాత కేబుల్ టీవీ వచ్చి సాయంత్రం వేళలు తీసుకుపోయాయి. 2000 తర్వాత ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చి కుర్రవాళ్ళను తీసుకుపోయాయి. వాటిలో సినిమా పాటలు ఎక్కువ, సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు, పొలం సంగతులు వాటికి పట్టవు. ఆ తర్వాత ఫోను మిగిలిన సమయం కూడా తీసేసుకుంది.

కేంద్రాల లోపల కూడా బలం తగ్గింది. 1997లో ఆకాశవాణి ప్రసార భారతి కిందికి వెళ్ళింది. రిటైరైనవాళ్ళ స్థానంలో పర్మినెంటు ఉద్యోగులు రావడం దేశమంతటా బాగా తగ్గిపోయింది. చాలా చోట్ల డ్యూటీకి ఇంత అని తీసుకునే క్యాజువల్ అనౌన్సర్ల మీదే బండి నడుస్తోంది. 2018 డిసెంబరులో ఆకాశవాణి జాతీయ ఛానెల్‌నూ, హైదరాబాదుతో కలిపి ఐదు ఊళ్ళలోని శిక్షణ కేంద్రాలనూ మూసెయ్యాలని ప్రసార భారతి నిర్ణయించింది. నేర్పేచోటు మూస్తే రేపు మాట్లాడేది ఎవరు అన్న ప్రశ్న వస్తుంది కదా.

విజయవాడ కేంద్రం పాతకాలం నుంచీ మీడియం వేవ్ మీద 837 కిలోహెర్ట్జ్‌లో వినిపించేది. ఇప్పుడు దేశంలో చాలా చోట్ల మీడియం వేవ్ ఆపి ఎఫ్‌ఎం పెడుతున్నారు. 2023 ఏప్రిల్ 28న ఒక్కరోజే 91 చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు ప్రారంభించారు. ఎఫ్‌ఎంలో శబ్దం శుభ్రంగా ఉంటుంది, కాని మీడియం వేవ్ అంత దూరం పోదు. కేంద్రం ఉన్న ఊరికి లాభం, దూరంగా ఉన్న లంక గ్రామానికి నష్టం.

పోతే పోయిందిలే అనవచ్చా?

అనకూడదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మన పెద్దవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. పది వేల మందికి పైగా పోయారు. అప్పటి నుంచీ తుపాను కబురు అంటే రేడియో దగ్గరికి పరుగెత్తడం తీరప్రాంతం వాళ్ళకు అలవాటైంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్లు రెండూ పడిపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వాళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నారు, ఫోనులో ఛార్జింగ్ లేదు. అలాంటప్పుడు రెండు బ్యాటరీలతో నడిచే రేడియో ఒక్కటే మాట్లాడుతుంది. అందులో మన భాషలో, మన మండలం పేరు చెప్పి మాట్లాడే కేంద్రం ఉండాలి. ఢిల్లీ నుంచి వచ్చే కబురుకు మన కాలువల పేర్లు తెలియవు.

ఆడవాళ్ళే నడిపిన రేడియో

ఇక్కడ ఇంకో కథ చెప్పాలి. తెలంగాణలో జహీరాబాదు దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, సొంత రేడియో కావాలని పట్టుపట్టారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలకు అనుమతి ఇచ్చే విధానం 2006లో గానీ రాలేదు. అప్పటిదాకా వాళ్ళు ఆగలేదు. తమ కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, సంగం రేడియో గాలిలోకి వచ్చింది. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పాటలు, అన్నీ వాళ్ళ యాసలోనే.

అలాంటి చిన్న రేడియోల బతుకూ సులువు కాదు. శక్తి 100 వాట్లు, వినిపించేది పది పదిహేను కిలోమీటర్లు. ప్రకటనలకు గంటకు ఇన్ని నిమిషాలే అని హద్దు ఉంది. జీతాలు, కరెంటు బిల్లు, పాడైన మిషను బాగు చేయించడం, ఇవన్నీ ఎవరో ఒకరు మోయాలి. కనీసం మూడేళ్ళు సేవ చేసిన, లాభాపేక్ష లేని రిజిస్టరు సంస్థే దరఖాస్తు పెట్టుకోవాలి. కాబట్టి రేపే మనమూ రేడియో పెట్టేద్దాం అని నేను అనను. అప్పు తెచ్చి పెట్టే పని అసలే కాదు.

మనం చేయగలిగినవి

ఖర్చు లేకుండా, తక్కువ ఖర్చుతో అయ్యేవి నాలుగు ఉన్నాయి.

ఒకటి, ప్రతి గ్రామ సంఘం ఆఫీసులో బ్యాటరీ రేడియో ఒకటి ఉంచాలి. తుపాను కాలానికి ముందే బ్యాటరీలు చూసుకోవాలి.

రెండు, ఫోను కొనేటప్పుడు ఎఫ్‌ఎం ఉందా అని అడగాలి. ఎఫ్‌ఎం ఉంటే ఇయర్‌ఫోను వైరు పెడితే నెట్ లేకుండానే వినిపిస్తుంది. ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంచమని కేంద్ర ప్రభుత్వం కూడా 2023లో కంపెనీలకు చెప్పింది. నెట్ ఉన్నవాళ్ళు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి వినవచ్చు.

మూడు, కేంద్రానికి ఉత్తరాలు రాయాలి. ఏ కార్యక్రమం విన్నాం, ఏది కావాలి అని సంఘం లెటర్‌హెడ్ మీద రాస్తే దానికి విలువ ఉంటుంది. వినేవాళ్ళు లేరు అనే మాటకు జవాబు మన ఉత్తరాలే. మన సంఘాల పొదుపు, వ్యాపారాల అనుభవాలు కూడా చెప్పే అవకాశం అడుగుదాం.

నాలుగు, మన ఊళ్ళో పెద్దవాళ్ళ నాట్ల పాటలు, లాలిపాటలు, ఉప్పెన జ్ఞాపకాలు ఫోనులో రికార్డు చేసి సమాఖ్య దగ్గర దాచుకోవాలి. మాచనూరు వాళ్ళు మొదలుపెట్టింది క్యాసెట్లతోనే. రేపు ఎవరికి అనుమతి వచ్చినా, వినిపించడానికి మన దగ్గర సరుకు ఉండాలి.

ఈ నాలుగూ వచ్చే సమాఖ్య సమావేశం అజెండాలో పెట్టమని కోరుతున్నాను. విజయవాడ కేంద్రం ఇంకా పలుకుతోంది. పలుకుతున్నంత కాలం వినడం, ఆగిపోకుండా అడగడం మన వంతు.