మందుకు మందు: మాత్ర చరిత్రలో భార్య చోటు

తెలుగులో 'మందు'కి రెండర్థాలు. జబ్బు తగ్గించేదీ మందే, కొట్లో సీసాల్లో అమ్మేదీ మందే. తాగుడు మాన్పించే మాత్రల చరిత్ర చదువుతున్నకొద్దీ ఈ రెండు మందుల మధ్యా ఒక ఆడమనిషి నిలబడి ఉండటం నాకు కనిపించింది. సీసా దాచేది ఆమే, మాత్ర వేయించేదీ ఆమే. వైద్య గ్రంథాల్లో మాత్రం ఆమెకు పేరుండదు. 'కుటుంబ సహకారం' అన్న రెండు మాటల్లో ఆమె శ్రమంతా ఇమిడిపోతుంది.

ఈ మాత్రల్లో పాతది డైసల్ఫిరామ్. దీని దగ్గరి బంధువులైన రసాయనాలను రబ్బరు పరిశ్రమలో వాడేవారు. వాటితో పనిచేసే కార్మికులు మద్యం ముట్టుకోలేకపోతున్నారని 1937లోనే అమెరికాలో విలియమ్స్ అనే డాక్టరు రాశాడు. ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1940లలో కోపెన్‌హాగెన్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకోబ్సెన్ అనే ఇద్దరు పరిశోధకులు కడుపులో పురుగులకు మందు వెతుకుతూ డైసల్ఫిరామ్‌ను తామే మింగి చూసుకున్నారు. ఆ తర్వాత మద్యం తీసుకుంటే ఒళ్ళు తిరిగిపోయింది. 1948లో ఈ సంగతి ప్రచురించారు. 'యాంటబ్యూస్' పేరుతో వచ్చిన ఈ మందుకు 1951లో అమెరికా ఆమోదం దొరికింది.

అది పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. మద్యం ఒంట్లో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును డైసల్ఫిరామ్ అడ్డుకుంటుంది. దాంతో కొద్దిగా తాగినా మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. అంటే ఈ మాత్ర తాగాలన్న కోరికను తగ్గించదు, తాగితే శిక్షిస్తుంది. తొలి రోజుల్లో పెద్ద మోతాదులు ఇచ్చేవారు. రోగికి మాత్రవేసి, డాక్టరు ఎదుటే మద్యం తాగించి ఆ బాధ రుచి చూపించేవారు. కొందరు చనిపోయాక మోతాదులు తగ్గాయి.

శిక్ష కాబట్టి దానికి కాపలాదారు కావలసొచ్చింది. తాగాలనుకున్నవాడు చేసే మొదటి పని మాత్ర మానెయ్యడమే కదా! 1986లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 605 మంది మీద చేసిన అధ్యయనం ప్రచురితమైంది. మాత్ర చేతికిచ్చి పంపితే, తాగుడు పూర్తిగా మానినవారి సంఖ్యలో తేడా రాలేదు. మరి ఎవరైనా ఎదురుగా నిలబడి మింగిస్తే? ఆ ఎవరైనా ఎవరు? దంపతుల చికిత్సలో ఒక ఒప్పందం తయారైంది. భర్త రోజూ భార్య ఎదుట మాత్ర వేసుకుంటాడు, ఆమె అతనికి కృతజ్ఞత చెప్పి క్యాలెండరులో గుర్తు పెడుతుంది. పాత తాగుడు సంగతులు ఎత్తనని కూడా ఆమె మాటివ్వాలి. చికిత్సగా దీని ఉపయోగాన్ని నేను కాదనను. కానీ ఆ ఒప్పందాన్ని ఆమె వైపు నుంచి చదవండి. ఏళ్ళ తరబడి తిన్న దెబ్బల గురించి మాట్లాడకపోవడం కూడా మందులో భాగమైంది.

మన దేశంలో ఈ కాపలా ఇంకా సహజమైపోయింది. 2004లో ముంబైలో డిసౌజాలు ప్రచురించిన అధ్యయనంలో 100 మంది మగవాళ్ళు ఉన్నారు. మాత్ర వేయించి, వెంట వచ్చే కుటుంబ సభ్యులు ఉన్నవారినే ఎంచుకున్నారు. ఏడాది చివర్లో డైసల్ఫిరామ్ వాడినవారిలో 86 శాతం, నాల్‌ట్రెక్సోన్ వాడినవారిలో 44 శాతం తాగకుండా ఉన్నారు. గొప్ప ఫలితమే. ఇందులో మాత్ర బలమెంత, మాత్ర పట్టుకుని నిలబడ్డ మనిషి బలమెంత అన్నది ఆ అంకెలు చెప్పవు.

కాపలా నుంచి వంటింటికి ఒక్కటే అడుగు. మా వీధిలో ఉండే ఒక అక్క ఎవరో మందుల షాపులో ఇచ్చిన మాత్రల్ని పొడి చేసి పప్పులో కలిపేది. అంతకుముందు ఆమె ఒట్లు పెట్టించుకుంది, పసరు పోయించింది, అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులే తనకు పండగ అనేది. ఒక రాత్రి అతను తాగొచ్చి, అన్నం తిని, చెమటలు కారుతూ పడిపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోతే బతికాడు. "మొగుడికి విషం పెట్టింది" అంది అత్తగారు. ఇరవై ఏళ్ళు అతను తాగింది విషమని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. తెలియకుండా ఈ మాత్ర పెట్టడం ప్రమాదం. గుండెజబ్బు, కాలేయజబ్బు ఉన్నవారికి ప్రాణాంతకం కావచ్చు. ఆపేసిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. అతని ఒంటి మీద అతని సమ్మతి లేకుండా చేసే పని కూడా అది. ఇదంతా నిజమే. అయితే ఆ అక్కను దోషిగా నిలబెట్టే ముందు, ఆమెకు దొరికిన వైద్యం మందుల షాపు కౌంటరు దాకానే ఎందుకు ఆగిందో అడగాలి.

ఈ ప్రశ్నను బయటికి తెచ్చిన ఆడవాళ్ళు మనకున్నారు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో చికిత్సా సంస్థ ప్రారంభించారు. తాగుడు జబ్బనీ, దాన్ని భరించే కుటుంబానికీ చికిత్స కావాలనీ ఆ సంస్థ చెప్పింది. ఇక నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో ఆ నిషేధం సడలింది. మాత్ర తప్పును తాగేవాడి ఒంట్లో వెతికితే, ఉద్యమం ప్రభుత్వ ఖజానాలో వెతికింది. రెండూ కావాలి. దుకాణం మూసినా అలవాటుపడ్డ ఒళ్ళు ఊరుకోదు. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అలాంటివారు వరసకట్టడం చూశాం.

శిక్షించని మందులూ వచ్చాయి. తాగితే కలిగే హాయిని తగ్గించే నాల్‌ట్రెక్సోన్‌కు 1994లో, మానేశాక మెదడు స్థిమితపడటానికి సాయపడే అకాంప్రొసేట్‌కు 2004లో అమెరికా ఆమోదం వచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఇవీ మాయ మాత్రలు కావు. కానీ వీటిని భయపెట్టి మింగించాల్సిన పని లేదు, మానాలనుకున్న మనిషే తన మందు తాను వేసుకోవచ్చు. అయితే చేరువలో వైద్యం ఉండాలి కదా! 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

అదే సర్వే మగవాళ్ళలో 27.3 శాతం, ఆడవాళ్ళలో 1.6 శాతం తాగుతారంది. ఆ 1.6 శాతం ఏమైంది? పైన చెప్పిన 605 మందీ మగవాళ్ళే, 100 మందీ మగవాళ్ళే. 1992లో నాల్‌ట్రెక్సోన్ మీద వచ్చిన తొలి అధ్యయనాల్లో ఒకదానిలో ఉన్న 70 మందీ మగవాళ్ళే. అంతే తాగినా ఆడవాళ్ళ రక్తంలో మద్యం పాళ్ళు ఎక్కువుంటాయని తెలిసీ, కొలతలు మగ ఒంటి మీదే తీశారు. తాగే స్త్రీ డాక్టరు దగ్గరికి రావాలంటే ముందు 'తాగుబోతు ఆడది' అన్న మాట దాటి రావాలి. భర్తకు మాత్ర వేయించే భార్య ఉంది. ఆమెకు మాత్ర అందించి, క్యాలెండరులో గుర్తు పెట్టి, కృతజ్ఞత చెప్పే భర్త ఎంతమందికి ఉన్నాడు?

మందు వద్దని నేననడం లేదు. మాత్ర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలి, దానితోపాటు మాట్లాడే మనిషి ఉండాలి, మానే బాధ్యత మానాల్సినవారి చేతిలో ఉండాలి. ఆమె సాయం చేస్తే చేస్తుంది, చెయ్యలేకపోతే చెయ్యదు. అతను మళ్ళీ తాగితే అది ఆమె ఓటమి కాదు. పాత సంగతులు మరిచిపోవాలా వద్దా అన్నది కూడా ఆమె ఇష్టం. ఏ చికిత్సా ఒప్పందమూ ఆమె నోటికి తాళం వెయ్యకూడదు.