రిజర్వు బ్యాంకు ఎవరిది?

వంద రూపాయల నోటు వెనక వైపు చిన్న అక్షరాల్లో 15 భాషల పట్టీ ఉంటుంది. అందులో చివరి రెండు వరుసలు తెలుగు, ఉర్దూ. రెండూ మన ఇళ్లలో వినపడేవే. ఆ నోటు జారీ చేసేది భారత రిజర్వు బ్యాంకు. 'అది ప్రభుత్వానిది కాదు, ప్రైవేటు వాళ్లది' అని ఫోన్లలో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. ఒకప్పుడు అది నిజమే. ఇప్పుడు కాదు.

వాటాదారుల బ్యాంకుగా మొదలు

1926లో హిల్టన్ యంగ్ కమిషన్ దేశానికి కేంద్ర బ్యాంకు కావాలని సిఫారసు చేసింది. 1934లో చట్టం వచ్చింది. 1935 ఏప్రిల్ 1న బ్యాంకు పని మొదలైంది. మూలధనం 5 కోట్ల రూపాయలు. ఒక్కోటి 100 రూపాయల చొప్పున 5 లక్షల వాటాలు. దాదాపు అన్నీ ప్రైవేటు వాటాదారులవే. బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, రంగూన్‌లలో వాటాల రిజిస్టర్లు ఉండేవి.

1949లో ప్రభుత్వం చేతికి

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మరో చట్టం చేశారు. 1949 జనవరి 1 నుంచి వాటాలన్నీ కేంద్ర ప్రభుత్వానివి అయ్యాయి. వాటాదారులకు ఒక్కో వాటాకు 118 రూపాయల 10 అణాల లెక్కన పరిహారం ఇచ్చారు. ఆనాటి 5 కోట్ల మూలధనమే ఇప్పటికీ ఉంది. గవర్నర్‌ను నియమించేది కేంద్రమే. మన తెలుగువాళ్లు వై.వి.రెడ్డి, దువ్వూరి సుబ్బారావు ఆ కుర్చీలో కూర్చున్నారు. బ్యాంకు మిగులు కూడా కేంద్ర ఖజానాకే పోతుంది. 2024-25 ఏడాదికి అది సుమారు 2.69 లక్షల కోట్లు.

హైదరాబాద్ సంగతి వేరు

మార్కాపురం, గిద్దలూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలో ఉండేవి కాబట్టి ఇక్కడ నడిచింది బ్రిటిష్ ఇండియా రూపాయి. నిజాం రాజ్యంలో మాత్రం ఉస్మానియా సిక్కా చెల్లేది. 7 సిక్కా రూపాయలు 6 ఇండియా రూపాయలకు సమానం. ఆ కరెన్సీ వ్యవహారాలు చూడటానికి 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. 1956లో అది రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థగా, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పేరుతో మారింది. 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది.

మన డబ్బుకు భరోసా ఎంత?

నోటుకు కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది. కానీ బ్యాంకులో దాచుకున్న సొమ్మంతటికీ ఆ హామీ ఉందనుకోవద్దు. బ్యాంకు మూతపడితే రిజర్వు బ్యాంకు సొంత అనుబంధ సంస్థ అయిన డిపాజిట్ బీమా కార్పొరేషన్ అసలు, వడ్డీ కలిపి, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా చెల్లిస్తుంది. చిట్టీలు, ప్రైవేటు ఫైనాన్సుల్లో పెట్టిన డబ్బుకు ఈ బీమా లేదు. పెళ్లికో, హజ్‌కో కూడబెట్టుకున్న డబ్బు ఎవరికైనా ఇచ్చే ముందు, వాళ్లకు ఈ బీమా ఉందా అని అడిగి తెలుసుకోండి. బ్యాంకుపై ఫిర్యాదు ఉంటే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్కడ పని కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు ఫోన్ నంబరు 14448.