భారతదేశంలో పొగాకు నియంత్రణ ఉద్యమం

భారతదేశంలో పొగాకు నియంత్రణ ఉద్యమం అనగా పొగాకు వాడకమును తగ్గించుటకు తగిన చట్టాలు, పన్నులు, హెచ్చరికలు, ప్రకటనల నిషేధము కావలెనని వైద్యులు, పరిశోధకులు, న్యాయవాదులు, స్వచ్ఛంద సంస్థలు, విద్యార్థులు, పొగాకు వలన క్యాన్సర్ సోకిన రోగులు సాగించిన ప్రయత్నము. 1990 దశకములో ఇది దేశవ్యాప్త రూపము దాల్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము పొగాకు వలన భారతదేశంలో ఏటా సుమారు 13.5 లక్షల మంది మరణిస్తున్నారు. ఈ ఉద్యమమునకు నాయకత్వము వహించిన వారిలో హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో చదివిన హృద్రోగ వైద్య నిపుణుడు డా. కె. శ్రీనాథ్ రెడ్డి ముఖ్యుడు. పొగాకు పండించే ఆంధ్రప్రదేశ్, బీడీలు చుట్టే తెలంగాణ ఈ ఉద్యమ చరిత్రలో ప్రత్యేక స్థానము కలిగి ఉన్నాయి.

నేపథ్యము

ఇతర దేశాలతో పోల్చినప్పుడు భారతదేశంలో పొగాకు వాడకము అనేక రూపాలలో కనిపిస్తుంది. సిగరెట్టు, బీడీ, చుట్ట, హుక్కా వంటివి పొగ రూపములోనివి. గుట్కా, ఖైనీ, జర్దా, పొగాకు కలిపిన కిళ్ళీ, నశ్యము వంటివి పొగ లేనివి. దేశములో సిగరెట్లు త్రాగేవారి కంటె నమిలే పొగాకు వాడేవారు ఎక్కువ. నోటి క్యాన్సర్ భారతదేశంలో అధికముగా ఉండుటకు ఇది ప్రధాన కారణము.

ఉత్తర కోస్తాలోని శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో చుట్ట వెలిగించిన కొసను నోటిలోపల ఉంచుకొని పీల్చే అలవాటు ఉన్నది. దీనిని అడ్డపొగ అంటారు. పల్లెలలో స్త్రీలు ఈ అలవాటుకు ఎక్కువగా లోనయ్యారు. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుట వలన అంగిలి క్యాన్సర్ వస్తుందని వైద్యులు గుర్తించారు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన దంత పరిశోధకులు 1960 దశకము నుండి శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికి తిరిగి పరీక్షలు జరిపారు. తరువాత శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలలో సుమారు 36 వేల మంది పొగాకు వాడకందారులపై జరిగిన అధ్యయనము 1986లో ప్రచురితమైనది. అలవాటు మానుకొమ్మని ప్రజలకు నచ్చజెప్పుట ద్వారా నోటి క్యాన్సర్‌ను నివారించవచ్చునా అన్నది దీని పరిశీలనాంశము. పొగాకు హాని గురించి భారతీయ ఆధారాలు లేవన్న వాదనకు ఇటువంటి అధ్యయనాలే సమాధానమైనవి.

తొలి చట్టాలు, న్యాయస్థానాల తీర్పులు

1975లో పార్లమెంటు రెండు చట్టాలు చేసినది. సిగరెట్ల చట్టము ప్రకారము సిగరెట్టు పెట్టెపై ఆరోగ్య హెచ్చరిక ముద్రించుట తప్పనిసరి అయినది. ఈ హెచ్చరిక బీడీలకు, నమిలే పొగాకుకు వర్తించలేదు. అదే సంవత్సరపు పొగాకు బోర్డు చట్టము ప్రకారము 1976లో గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడినది. ఈ విధముగా ఒకే ప్రభుత్వము ఒక చేత పొగాకు హానికరమని చెప్పుచు, మరొక చేత దాని సాగును, ఎగుమతిని ప్రోత్సహించినది. ఈ వైరుధ్యము నేటికీ తొలగలేదు.

బహిరంగ స్థలాలలో పొగ త్రాగుట నిషేధించుమని కేరళ హైకోర్టు 1999 జూలైలో తీర్పు ఇచ్చినది. కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్ళతో సహా ప్రజా రవాణా వాహనాలలో పొగ త్రాగుటను నిషేధించినది. పొగ త్రాగని వ్యక్తి ఇతరుల పొగ వలన హాని పొందుట అతని జీవించే హక్కుకు భంగమన్నది ఈ తీర్పులోని ముఖ్య భావము.

శ్రీనాథ్ రెడ్డి నాయకత్వము

శ్రీనాథ్ రెడ్డి మాజీ కేంద్రమంత్రి, మాజీ గవర్నరు కె.వి. రఘునాథ రెడ్డి కుమారుడు. ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్యవిద్య అభ్యసించి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్)లో హృద్రోగ విభాగమునకు అధిపతిగా పనిచేశారు. గుండె జబ్బు వచ్చిన తరువాత చేసే చికిత్స కంటె అది రాకుండా చూచుట సమాజమునకు మేలని ఆయన వాదించారు. ఈ ఆలోచనతోనే 1992లో ఢిల్లీలో హృదయ్ అనే సంస్థ ఏర్పడినది. పాఠశాల విద్యార్థులకు ఆరోగ్య విషయాలు తెలియజేయుట, వారి ద్వారానే పొగాకు చట్టాల కొరకు గళము వినిపించుట ఈ సంస్థ పద్ధతి. పొగాకు సంస్థలకు కొత్త వినియోగదారులు కౌమారములోనే దొరుకుతారు కనుక ఈ ప్రచారము కూడ అక్కడి నుండే మొదలు కావలెనని సంస్థ భావించినది.

ముంబయికి చెందిన పరిశోధకుడు ప్రకాశ్ సి. గుప్తాతో కలిసి శ్రీనాథ్ రెడ్డి సంపాదకత్వము వహించిన భారతదేశ పొగాకు నియంత్రణ నివేదికను కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2004లో వెలువరించినది. వాడకము, రోగాలు, ఆర్థిక భారము, చట్టాలు అన్నింటిని ఒకచోట చేర్చిన ఈ నివేదిక విధానకర్తలకు ఆధార గ్రంథమైనది. ఆయనకు 2005లో పద్మభూషణ్ పురస్కారము లభించినది. 2006లో ఏర్పడిన భారత ప్రజారోగ్య సంస్థకు ఆయన వ్యవస్థాపక అధ్యక్షుడు. పొగాకు నియంత్రణలో నాయకత్వమునకు గాను 2009లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వారి లూథర్ టెర్రీ పురస్కారము అందుకున్నారు.

2003 చట్టము

సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టము (కోట్పా) 2003లో ఆమోదము పొంది, 2004 మే 1 నుండి అమలులోకి వచ్చినది. ఇందులోని ముఖ్యాంశాలు:

- బహిరంగ స్థలాలలో పొగ త్రాగుట నిషేధము. ఉల్లంఘించిన వారికి 200 రూపాయల వరకు జరిమానా.
- పొగాకు ఉత్పత్తుల ప్రకటనల నిషేధము. అయితే అమ్మకపు స్థలము వద్ద ప్రకటనలకు కొంత మినహాయింపు ఉన్నది.
- 18 సంవత్సరాల లోపు వారికి అమ్మకము నిషేధము.
- విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మకము నిషేధము.
- అన్ని పొగాకు ఉత్పత్తుల పెట్టెలపై హెచ్చరిక తప్పనిసరి.

ఇదే కాలములో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒప్పందము 2003 మే 21న ఆమోదించబడినది. భారతదేశం దీనిపై 2003 సెప్టెంబరులో సంతకము చేసి, 2004 ఫిబ్రవరిలో ధ్రువీకరించినది. బహిరంగ ధూమపాన నిషేధమునకు సవరించిన నియమాలు 2008 అక్టోబరు 2 నుండి అమలైనవి. అయినను 30 లేదా అంతకు మించి గదులున్న హోటళ్ళలోను, 30 మంది లేదా అంతకు మించి కూర్చునే రెస్టారెంట్లలోను, విమానాశ్రయాలలోను ప్రత్యేక ధూమపాన స్థలాలకు చట్టము అనుమతి ఇచ్చినది.

బొమ్మ హెచ్చరికల వివాదము

చదువురాని వారికి అక్షరాల హెచ్చరిక నిరుపయోగము కనుక పెట్టెపై బొమ్మ ఉండవలెనని ఉద్యమకారులు కోరారు. తొలుత ప్రతిపాదించిన పుర్రె-ఎముకల గుర్తును బీడీ పరిశ్రమ, కార్మికులు తీవ్రముగా వ్యతిరేకించారు. 2007లో చట్టమును సవరించి ఆ గుర్తు తప్పనిసరి కాదని చేశారు. పలుమార్లు వాయిదా పడిన తరువాత 2009 మే 31 నుండి పెట్టె ముందుభాగములో 40 శాతము మేర బొమ్మ హెచ్చరిక అమలులోకి వచ్చినది.

పెట్టెకు రెండు వైపులా 85 శాతము హెచ్చరిక ఉండవలెనని 2014 అక్టోబరులో కేంద్రము నియమము చేసినది. ఇది 2015 ఏప్రిల్ 1న మొదలు కావలసి ఉన్నది. కాని పార్లమెంటు కమిటీ ఒకటి, పొగాకుకు క్యాన్సర్‌కు గల సంబంధముపై భారతీయ అధ్యయనాలు లేవన్న వాదనతో, దీనిని నిలిపివేయుమని కోరినది. ప్రభుత్వము అమలును వాయిదా వేసినది. పొగాకు నమలుట వలన నోటి క్యాన్సర్ సోకి, ప్రభుత్వ ప్రచార చిత్రములో నటించిన మధ్యప్రదేశ్ మహిళ సునీతా తోమర్ ఈ వాయిదాను ప్రశ్నిస్తూ ప్రధానమంత్రికి లేఖ వ్రాసినది. 28 ఏళ్ళ వయసులో ఆమె 2015 ఏప్రిల్ 1న, అనగా కొత్త హెచ్చరికలు మొదలు కావలసిన రోజుననే మరణించినది. సరిగా ఏడాది తరువాత, 2016 ఏప్రిల్ 1 నుండి 85 శాతము హెచ్చరిక అమలైనది. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఈ నియమాలను కొట్టివేయగా, 2018 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చినది. 2018 సెప్టెంబరు నుండి అలవాటు మానదలచిన వారి కొరకు ఉచిత ఫోన్ నంబరును కూడ పెట్టెలపై ముద్రిస్తున్నారు.

గుట్కా నిషేధము

పొగాకు చట్టములో గుట్కాను పూర్తిగా నిషేధించే అవకాశము లేదు. ఉద్యమకారులు ఆహార చట్టమును ఆశ్రయించారు. ఆహార పదార్థాలలో పొగాకు, నికోటిన్ కలుపరాదని 2011లో ఆహార భద్రతా నియమము వచ్చినది. దీని ఆధారముగా 2012లో మొదట మధ్యప్రదేశ్, తరువాత ఇతర రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 జనవరిలో నిషేధము విధించారు. ఈ నిషేధాలు సాధారణముగా ఏడాది కాలమునకు మాత్రమే చెల్లుతాయి, తిరిగి పొడిగించవలసి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వము 2024 మేలో ఇట్టి ఉత్తర్వు జారీ చేసినది. పాన్ మసాలాను ఒక పొట్లములోను, పొగాకును వేరొక పొట్లములోను ప్రక్కప్రక్కన అమ్ముట ద్వారా వ్యాపారులు నిషేధమును తప్పించుకున్నారు.

సినిమాలు

తెరపై ధూమపానమును పూర్తిగా నిషేధించవలెనని 2005లో కేంద్రము చేసిన ప్రయత్నమును ఢిల్లీ హైకోర్టు 2009లో కొట్టివేసినది. తరువాత రాజీమార్గముగా, పొగాకు దృశ్యాలున్న సినిమాలకు ముందు, మధ్యలో ఆరోగ్య ప్రకటనలు, దృశ్యము క్రింద హెచ్చరిక తప్పనిసరి చేశారు. ఈ ప్రకటనలలో ఒకదాని తెలుగు వ్యాఖ్యానము ప్రేక్షకుల నోళ్ళలో ఎంతగా నానినదనగా, అందులోని మాట 2018లో హైదరాబాదు నేపథ్యముగా వచ్చిన ఈ నగరానికి ఏమైంది సినిమాకు పేరైనది. 2023 సెప్టెంబరు 1 నుండి ఓటీటీ వేదికలకు కూడ ఇటువంటి నియమాలు వర్తించినవి.

హైదరాబాదు, పాతబస్తీ

హైదరాబాదుకు పొగాకుతో పాత సంబంధము ఉన్నది. 1930లో ఇక్కడ స్థాపించిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ నగర చిహ్నమైన చార్మినార్ పేరుతోనే సిగరెట్లు తయారు చేసినది. ఆజమాబాదులోని ఈ సంస్థ తరువాత వి.ఎస్.టి. ఇండస్ట్రీస్ అయినది. ఈ విధముగా నగరపు పేరుప్రతిష్ఠలు ఒక సిగరెట్టు పెట్టెపై దేశమంతటా తిరిగినవి.

చార్మినార్‌కు దక్షిణముగా శాలిబండ దాటిన తరువాత ఫలక్‌నుమాకు చేరువలో గల జహనుమా వంటి పాతబస్తీ ప్రాంతాలలో పాన్ డబ్బాలు, చాయ్ హోటళ్ళు వీధి జీవనములో భాగము. జాతీయ చట్టము నిజముగా పరీక్షకు నిలిచేది ఇటువంటి చోటనే. ఇరుకు వీధులలో పాఠశాల, ఇళ్ళు, దుకాణాలు కలిసే ఉన్నచోట 100 గజాల నియమము కఠినముగా పాటించినచో అనేక దుకాణాలు దాని పరిధిలోకి వస్తాయి. సిగరెట్లు విడిగా అమ్మినప్పుడు పెట్టెపై ఉన్న 85 శాతము హెచ్చరిక కొనేవానికి కనిపించదు. హుక్కా కేంద్రాలను నిషేధిస్తూ తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో కోట్పా చట్టమునకు రాష్ట్ర సవరణ ఆమోదించినది. నగరములోని రెడ్ హిల్స్‌లో గల ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పేద రోగులకు ప్రధాన ఆధారము.

రైతులు, బీడీ కార్మికులు

ప్రకాశం, నెల్లూరు, గుంటూరు, గోదావరి జిల్లాలలో పొగాకు వాణిజ్య పంటగా స్థిరపడినది. వర్జీనియా పొగాకును రైతులు బ్యారన్లలో కాల్చి, పొగాకు బోర్డు వేలం కేంద్రాలలో అమ్ముతారు. 2025లో నల్ల బర్లీ ధర పడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలు చేయవలసి వచ్చినది. సాగుదారులకు ప్రత్యామ్నాయ పంటలు చూపవలెనని అంతర్జాతీయ ఒప్పందము కూడ చెప్పుచున్నది. ధర, కొనుగోలు హామీ లేని ప్రత్యామ్నాయమును రైతు నమ్మలేడు.

తెలంగాణలోని నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో వేలాది స్త్రీలు ఇంటివద్ద తునికాకుతో బీడీలు చుట్టి జీవిస్తున్నారు. చుట్టిన బీడీల లెక్క ప్రకారమే కూలి. పొగాకు ధూళి వలన ముందుగా ఆరోగ్యము చెడేది వీరికే, చట్టము కఠినమైతే ముందుగా పని పోయేదీ వీరికే. రాష్ట్రము ఏర్పడిన తరువాత తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు నెలసరి పింఛను ప్రవేశపెట్టినది.

ఫలితాలు, విమర్శలు

ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారము దేశములో పొగాకు వాడే వయోజనులు 2009-10లో 34.6 శాతము ఉండగా, 2016-17 నాటికి 28.6 శాతమునకు తగ్గారు. అయినను ఆ సంఖ్య 26 కోట్లకు పైమాటే. ఇ-సిగరెట్లను 2019లో దేశవ్యాప్తముగా నిషేధించారు. 2017-18లో పొగాకు సంబంధిత రోగాలు, మరణాల వలన కలిగిన ఆర్థిక నష్టము సుమారు 1.77 లక్షల కోట్ల రూపాయలని అంచనా.

పన్నుల విషయములో విమర్శలు ఎక్కువ. 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. మండలి సిగరెట్లు, గుట్కా వంటి వాటిపై పన్నును 40 శాతమునకు పెంచుటకు నిర్ణయించి, బీడీలపై 28 నుండి 18 శాతమునకు తగ్గించుటకు నిర్ణయించినది. బీడీ హాని సిగరెట్టు హాని కంటె తక్కువ కాదని వైద్యులు చెప్పుచుండగా, కార్మికుల ఉపాధి ఈ తగ్గింపుకు సమర్థనగా చూపబడుచున్నది. ప్రభుత్వ రంగ జీవిత బీమా సంస్థకు సిగరెట్టు తయారీదారు ఐ.టి.సి.లో వాటాలు ఉండుట మరొక విమర్శ. 200 రూపాయల జరిమానా, అమ్మకపు స్థలము వద్ద ప్రకటనలు, యాలకుల వంటి వేరు వస్తువుల పేరిట సాగే పరోక్ష ప్రకటనలు, విడి సిగరెట్ల అమ్మకము అనేవి చట్టములోని బలహీనతలుగా ఉద్యమకారులు పేర్కొంటున్నారు.

ఇవి కూడా చూడండి

- పొగాకు
- ధూమపానం
- బీడీ
- నోటి క్యాన్సర్
- పొగాకు బోర్డు
- ప్రపంచ పొగాకు వ్యతిరేక దినోత్సవం (మే 31)