బోటు స్టీరింగ్ తిప్పుతున్నా ఇంజిన్ కదలడం లేదా? నీళ్లలోకి దించే ముందు ఇవి చూసుకోండి

వేట నిషేధం అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు. తూర్పు తీరంలో మోటారు బోట్లన్నీ ఒడ్డున ఉండే టైమ్ ఇది. వలలు బాగు చేసుకోవడం, బోటుకు రంగులు, ఇంజిన్ సర్వీసింగ్.. పనులన్నీ ఈ రెండు నెలల్లోనే. అయితే చాలామంది చేయి పెట్టనిది ఒకటుంది. అదే స్టీరింగ్. చక్రం తిరుగుతోంది కదా, ఇంకేం చూడాలి అనుకుంటారు. కానీ హైడ్రాలిక్ స్టీరింగ్‌లో చక్రం తిరిగినంత మాత్రాన ఇంజిన్ తిరుగుతుందన్న గ్యారంటీ లేదు!

నెల్లూరు తీరంలో చిల్లకూరు, కోట, ముత్తుకూరు వైపు బోట్లకు ఈ విషయం ఇంకా ముఖ్యం. కారణం పక్కనే కృష్ణపట్నం పోర్టు. కండలేరు క్రీక్ నుంచి సముద్రంలోకి వెళ్లే చోట పెద్ద ఓడల రాకపోకలు ఉంటాయి. బోటు అడ్డం వచ్చింది కదా అని ఓడ బ్రేక్ వేసి ఆగలేదు. అక్కడ స్టీరింగ్ పోతే తప్పుకోవాల్సింది మనమే, తప్పుకునే దారి మాత్రం ఉండదు.

ముందుగా ఒక మాట. ఇక్కడి చిన్న ఫైబర్ బోట్లలో ఎక్కువ భాగానికి అసలు చక్రమే ఉండదు. ఇంజిన్‌కున్న హ్యాండిల్ పట్టుకుని నడిపేస్తారు. వాళ్లకు ఈ గొడవ లేదు, చివర్లో సముద్రంలో ఆగిపోతే ఏం చేయాలన్నది చదివితే చాలు. వెనక పెద్ద హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్, ముందు చక్రం ఉన్న బోట్లు, టూరిజం బోట్లు, రెస్క్యూ బోట్లు నడిపేవాళ్ల కోసమే మిగతాదంతా.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

చక్రం వెనక ఒక చిన్న పంపు ఉంటుంది. దాన్ని హెల్మ్ అంటారు. అక్కడి నుంచి రెండు గొట్టాలు ఇంజిన్ దగ్గరున్న సిలిండర్‌కు వెళ్తాయి. చక్రం కుడికి తిప్పితే ఒక గొట్టంలో ఆయిల్ వెళ్తుంది, రెండో గొట్టంలో వెనక్కి వస్తుంది. ఆ ఒత్తిడికి సిలిండర్ జరుగుతుంది, దాంతో పాటు ఇంజిన్ తిరుగుతుంది. అంతే. పాత కేబుల్ స్టీరింగ్‌లో ఇంజిన్ లాగే లాగుడంతా చేతికి తెలిసేది. ఇందులో హెల్మ్ లోపలి వాల్వులు ఆ లాగుడును అక్కడే ఆపేస్తాయి. అందుకే పెద్ద ఇంజిన్‌కు ఇదే పెడతారు. సీస్టార్, బేస్టార్, అల్ట్రాఫ్లెక్స్ లాంటి పేర్లు హెల్మ్ మీద కనిపిస్తుంటాయి. పేరు ఏదైనా లోపల పద్ధతి దాదాపు ఒకటే.

ఇక్కడ కీలకం ఏంటంటే.. ఆయిల్‌ను నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. లైన్‌లో కాస్త గాలి చేరినా చక్రం తిప్పిన బలం దాన్ని నలపడానికే సరిపోతుంది, ఇంజిన్ మాత్రం కదలదు. చక్రం మెత్తగా, స్ప్రింగులా అనిపించడం, చివరిదాకా తిప్పాక కూడా ఇంకా తిరుగుతూనే ఉండటం గాలికి గుర్తులు. మరి గాలి ఎలా వచ్చింది? ఆయిల్ ఎక్కడో కారిపోయింది కాబట్టి. అందుకే ఊరికే ఆయిల్ పోసేసి మూత పెట్టేస్తే సమస్య తీరినట్టు కాదు, కారుతున్నది ఎక్కడో పట్టుకోవాలి.

లీక్ ఎక్కడ?

మూడు చోట్ల వెతకండి. సిలిండర్ రెండు చివర్లు, గొట్టాల జాయింట్లు, చక్రం వెనక షాఫ్ట్. గుడ్డతో శుభ్రంగా తుడిచి, తెల్ల కాగితం అడ్డం పెట్టి, చక్రం రెండు వైపులా చివరిదాకా గట్టిగా తిప్పించండి. కాగితం మీద మరక పడితే దొరికినట్టే. సిలిండర్ చివర కారుతుంటే సీల్ పోయినట్టు, సీల్ కిట్ మార్చాలి. కానీ దానికంటే ముందు రాడ్ మీద వేలితో రాసి చూడండి. ఉప్పు తిని గుంటలు పడినా, గీతలు పడినా కొత్త సీల్‌ను కూడా అదే కోసేస్తుంది. అలాంటి రాడ్ మీద సీల్ కిట్‌కు డబ్బు పెట్టడం వేస్ట్, రాడ్ కూడా మార్చాల్సిందే.

ఏ ఆయిల్ పోయాలి?

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. బోటు మెకానిక్ దొరక్కపోతే హైవే పక్కన లారీ మెకానిక్‌ను పిలవడం మామూలే. పని తెలిసినవాళ్లే, బ్రేకులకు గాలి తీయడం వాళ్లకు కొట్టిన పిండి. కానీ అలవాటు కొద్దీ బ్రేక్ ఆయిల్ పోశారంటే స్టీరింగ్ పని అయిపోయినట్టే. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం, ఈ సీల్స్ మినరల్ ఆయిల్ కోసం చేసినవి. రబ్బరు ఉబ్బిపోయి మెత్తబడుతుంది, కొన్నాళ్లకు అన్ని చోట్ల నుంచీ కారుతుంది. ఇంజిన్ ఆయిల్ కూడా వద్దు, చిక్కన ఎక్కువై చక్రం బరువెక్కుతుంది. కంపెనీ చెప్పిన స్టీరింగ్ ఆయిలే పోయాలి, సాధారణంగా అది పల్చటి హైడ్రాలిక్ ఆయిల్, గ్రేడ్ 15. మరీ అత్యవసరమైతే ఒడ్డు చేరడానికి కార్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ వాడొచ్చని సీస్టార్ మాన్యువల్‌లోనే ఉంది. ఒడ్డు చేరాక అదంతా తీసేసి అసలు ఆయిల్ నింపుకోవాలి.

గాలి తీసే పద్ధతి

ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు చక్రం దగ్గర, ఒకరు ఇంజిన్ దగ్గర. ఆయిల్ రెండు లీటర్ల దాకా దగ్గర పెట్టుకోండి. సగంలో అయిపోతే మళ్లీ మొదటికొస్తుంది. హెల్మ్ మూత తీసి, ట్యూబు ఉన్న ఆయిల్ బాటిల్‌ను తలకిందులుగా బిగించాలి. బాటిల్ అడుగున చిన్న రంధ్రం పెడితే ఆయిల్ ఆగకుండా దిగుతుంది. పని అయ్యేదాకా బాటిల్ ఖాళీ కాకూడదు.

చక్రాన్ని కుడికి చివరిదాకా తిప్పండి. రాడ్ ఒక పక్కకు పూర్తిగా బయటికి వస్తుంది. బయటికి వచ్చిన పక్క సిలిండర్ మీదున్న చిన్న నిపుల్‌కు ట్యూబు తగిలించి, రెండో చివర డబ్బాలో పెట్టి, నిపుల్ వదులు చేయండి. ఇప్పుడు ఇంజిన్ దగ్గరున్న మనిషి సిలిండర్ వెనక్కి జరగకుండా గట్టిగా పట్టుకోవాలి. చక్రం దగ్గర మనిషి ఎడమకు తిప్పుతూ ఉండాలి. మొదట బుడగలు, నురగ వస్తాయి. ఆగకండి. బుడగ లేకుండా ఆయిల్ సన్నటి ధారగా వచ్చాక, చక్రం తిరుగుతుండగానే నిపుల్ బిగించాలి. చక్రం ఆపి బిగిస్తే గాలి మళ్లీ లోపలికి పోయే ఛాన్స్ ఉంది. తర్వాత అలాగే ఎడమకు చివరిదాకా తిప్పి, రెండో పక్క నిపుల్‌కు ఇదే పని, ఈసారి చక్రం కుడికి. అవసరమైతే మొత్తం ఇంకోసారి.

అయ్యిందో లేదో ఎలా తెలుస్తుంది? మూత తీసి ఉంచి చక్రాన్ని ఒక పక్క చివరిదాకా తిప్పి, ఇంకా గట్టిగా నొక్కిపట్టండి. హెల్మ్‌లో ఆయిల్ మట్టం దిగిపోతే లోపల గాలి ఇంకా ఉన్నట్టే. కదలకపోతే అయినట్టు. మట్టం మూత దగ్గరికి అర అంగుళం కిందదాకా ఉంచి మూసేయండి. బయటికి వచ్చిన ఆయిల్‌ను మళ్లీ పోయొద్దు. ఇసుక రేణువు ఒక్కటి హెల్మ్ వాల్వులో ఇరుక్కున్నా చాలు, చక్రం కదపకుండానే ఇంజిన్ మెల్లగా ఓ పక్కకు జరిగిపోతుంటుంది.

చక్రం బిగుసుకుపోయిందా?

ప్రతిసారీ ఆయిల్ తప్పే కాదు. ఇంజిన్ ఆపి, సిలిండర్‌ను ఇంజిన్ నుంచి విడదీసి, ఇంజిన్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. అప్పుడూ కదలకపోతే ఇంజిన్ తిరిగే చోటే గ్రీజు ఎండిపోయింది. గ్రీజు నిపుల్‌లో మెరైన్ గ్రీజు కొట్టాలి. ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంటే గొట్టం ఎక్కడైనా మెలిపడిందేమో, సిలిండర్ నట్లు మరీ బిగించారేమో చూడండి. ఇప్పిన లాక్ నట్లను మళ్లీ వాడొద్దు, వాటిలోని నైలాన్ ఒకసారికే. కొత్త నట్టుకు కక్కుర్తి పడి ఇంజిన్ ఊడబెట్టుకోవడం ఎందుకు?

రోజువారీ పని చాలా చిన్నది. ఒడ్డుకు రాగానే సిలిండర్ మీద మంచినీళ్లు పోసి, రాడ్ తుడవడం. సబ్బు నీళ్లు ఓకే, థిన్నర్ మాత్రం వద్దు, సీల్స్ పాడవుతాయి.

సముద్రంలో పోతే?

ముందు వేగం తగ్గించి న్యూట్రల్‌లో పెట్టండి. వేగంగా వెళ్లేటప్పుడు స్టీరింగ్ వదిలేస్తే బోటు గిరగిరా తిరిగి మనుషుల్ని నీళ్లలోకి విసిరేస్తుంది, అదే బోటు మళ్లీ వాళ్ల మీదకే వస్తుంది. అందుకే ఇంజిన్ ఆగిపోయే కిల్ స్విచ్ తాడు ఎప్పుడూ ఒంటికి తగిలించుకునే ఉండాలి. లోతు తక్కువైతే వెంటనే లంగరు దించండి. ఆ తర్వాతే రిపేరు. ఇంజిన్ పూర్తిగా ఆపి, రెండు నిపుళ్లూ వదులు చేస్తే సిలిండర్ ఫ్రీ అవుతుంది. ఇంజిన్‌ను తాడుతోనో, గట్టి కర్ర కట్టో తిప్పుకుంటూ అతి తక్కువ వేగంతో రావచ్చు. రెండు ఇంజిన్లు ఉంటే, రెండింటినీ నేరుగా ఉండేలా కట్టేసి, ఒకదాని వేగం పెంచి ఇంకోదాని వేగం తగ్గిస్తూ దారి మార్చుకోవచ్చు.

సాయం కావాలంటే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554, మెరైన్ పోలీస్ 1093. సిగ్నల్ ఉన్నంత దూరమే ఫోన్, ఆ తర్వాత వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్. ఓడల దారిలో ఉంటే ఆలస్యం చేయకుండా రేడియోలో ముందు ఆ సంగతే చెప్పండి.